నాలుగో కూత

మిల్లు గేటు ఆరింటికి వదుల్తుంది.
ఆరూ ఇరవైకి నా చేతిలో ఉల్లిపాయ,
ఆరూ ఇరవై రెండుకి కళ్లలో నీళ్లు.
బిసంకటక్ ఆసుపత్రిలో డ్యూటీ దిగి
హైమావతి రైలెక్కి రాయగడ చేరేసరికి
ఎనిమిది దాటుతుంది.
ఈలోపు ఇద్దరు పిల్లలు, ఒక కుక్కరు,
ఒక పుస్తకం.

పుస్తకానికి అట్ట లేదు.
చిత్తుకాగితాల మోపుల్లో
ముద్దైపోవడానికే మిల్లుకొచ్చింది.
లారీ తూకం రాస్తూ చూశాను.
ఒడియా గైడ్లు, హిందీ క్యాలెండర్లు,
ఎవరివో పెళ్లికార్డులు, వాటి మధ్య
గుండ్రంగా నాలుగు తెలుగక్షరాలు
ఎవరో నన్ను ఇంటిపేరుతో పిలిచినట్టు.
లాగి చొక్కాలో దోపుకున్నాను.
ఆ లారీ తూకంలో నూటయాభై గ్రాములు తేడా.
రిజిస్టర్లో రాయలేదు.

వంట ఏమంత వంట కాదు.
బియ్యం రెండు గ్లాసులు, గుప్పెడు కందిపప్పు,
గుమ్మడిముక్క, చిటికెడు పసుపు,
పక్కింటి మినతి అక్క పెరట్లో అరటికాయ.
అన్నీ ఒక్క గిన్నెలో.
మినతి అక్క మూత తీసి చూసి
దాల్మాకి చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముడంటుంది.
మా అమ్మైతే
"ఏటిరా ఇది, పప్పా? బువ్వా?" అనేది.
రెండూనే అమ్మా.
తోమడానికి ఒక్కటే గిన్నె.

మూత బిగించాక కథ.
కూతకో పేజీ, మా ఇంటి లెక్క.

నీలాచల్ ఐదో క్లాసు, ఒడియా మీడియం.
అక్షరమన్నాక గొడుగుండాలని వాడి నమ్మకం.
మన తలకట్టు చూసి
"దీని గొడుగు గాలికి ఇరిగిపోనాది నాన్నా" అన్నాడు.
పోనీలేరా, తడుస్తూ చదువు, అన్నాను.
వేలు జరుపుకుంటూ, ఒత్తుల దగ్గర తడబడుతూ
ఇప్పుడు నాకంటే బాగా చదువుతాడు.

ఏనుగొకటి ఉప్పు కొనడానికి సంతకి బయల్దేరింది.
ముందు పేజీలన్నీ కంఠతా వచ్చేశాయి,
రోజూ చివరి మూడే.
మొదటి కూతకి అడవి దాటుతుంది.
రెండో కూతకి చీమని దారడిగి
తప్పుదారిలో పడుతుంది.
మూడో కూతకి ఏరు.
అవతల సంతలో దీపాలు.
ఏనుగు ముందరికాలు నీళ్లలో పెట్టి

అక్కడితో సరి. తర్వాత కాగితం లేదు.
ఏ మిల్లులో ముద్దయిందో,
ఏ పిల్లాడి లెక్కల నోటుబుక్కై మళ్లీ పుట్టిందో.

స్టవ్ కట్టేస్తాను.
ఆవిరి దిగేవరకూ ఏనుగుని దాటించడం పిల్లల పని.
నీలాచల్ వంతెన కడతాడు,
నాగావళి మీది రైలు వంతెనలాంటిది, ఇనుపది.
చిన్నది ఒప్పుకోదు.
దాని పేరు ఇతిశ్రీ.
హైమతో పనిచేసే ఒడియా నర్సు ముద్దుపడి పెట్టింది.
పుస్తకాల ఆఖర్న రాసే మాటని పేరుగా పెట్టుకుని
ఒక్క కథనీ ముగియనివ్వదు.
ఏనుక్కి జలుబు చేసిందంటుంది.
డబ్బులు ఇంట్లో మర్చిపోయిందంటుంది.
ఒకరోజు ఊరికే, "నిద్దరొచ్చింది."

నిన్న మాత్రం గుమ్మం వైపు చూస్తూ చెప్పింది.
"వాళ్లమ్మ రైల్లో వస్తంది కదా.
అందుకే ఆగింది."

అప్పుడే స్టేషన్ వైపు నుంచి కూత.
మా కుక్కరుది కాని నాలుగోది.

హైమ వచ్చింది. కాళ్లు కడుక్కుంది.
డెట్టాలు వాసన చేత్తో మొదటి ముద్ద కలిపి
నోట్లో పెట్టుకుని ఆగింది.
"ఉప్పేదీ?"

ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.
"ఏనుగింకా తేలేదమ్మా" అంది ఇతిశ్రీ.

"ఏ ఏనుగు?"

నిజమే, తనకెవరు చెప్పారు?
ఎనిమిదింటి తర్వాత మా ఇంట్లో
హోంవర్కూ నిద్రా తప్ప ఏనుగులుండవు.
నీలాచల్ ఎంగిలి చేత్తోనే పుస్తకం తెచ్చాడు.
ఆఖరి మూడు పేజీలు కాదు,
మొట్టమొదటి నుంచి.
హైమ ముద్ద ముద్దకీ ఊఁ కొట్టింది.
ఉప్పు డబ్బా గూట్లోనే ఉంది, చెయ్యి చాపితే అందేది.
ఎవరూ లేవలేదు.

ఏరు దగ్గరికొచ్చేసరికి గిన్నె ఖాళీ.
తోమడం నా వంతు.